ఒంటికాలి మీద

మా అత్తగారి పైపళ్ళ సెట్టు రిహార్సల్ మధ్యలో వాద్యం మౌత్‌పీస్‌తో పాటు ఊడి బయటికొచ్చిన మధ్యాహ్నమే ఆ ఏటి వానలు మొదలయ్యాయి. నా వరకు వానాకాలమంటే ఆ క్షణం నుంచే.

మా నాటకశాలలో స్టేజీ ముందు, ప్రేక్షకుల కంటే కిందగా, వాద్యాలవాళ్ళు కూర్చునే చోటుంది. దాన్ని మేం పల్లం అంటాం. పల్లంలో ఓ మూల అత్తగారు బేస్ క్లారినెట్‌తో, పక్కన నేను టెనర్ శాక్సఫోన్‌తో కూర్చునేవాళ్ళం. నేనా ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ ఆ కుర్చీ ఆవిడది. ఆ మాటకొస్తే నన్ను చూసిందీ, "ఈ పిల్లకి ఊపిరుంది, మనవాడికి చేసుకుందాం" అన్నదీ అక్కడే. నాకు ఊపిరే కాదు, నోరు కూడా ఉందని తర్వాత తెలిసిందనుకోండి.

ఆవిడ వాద్యం చూడ్డానికి నల్లటి చెక్కగొట్టం. పైన వెండి మెడ వంగి ఉంటుంది, కింద వెండి గిన్నె పైకి తిరిగి ఉంటుంది. ఆ గిన్నె అడుగునుంచి ఒక ఇనుప కమ్మీ దిగి నేలకి ఆనుతుంది. బరువంతా ఆ ఒక్క కాలి మీదే. అందుకే ఇంట్లో దాని పేరు ఒంటికాలు. కోపం వస్తే అత్తగారూ అదే కాలి మీద లేస్తారని మా ఆయన ఛలోక్తి.

ప్రతి వానాకాలం మా నాటకశాల వేసే పాత నాటకం ఒకటుంది. మూడో అంకంలో అందరూ వెళ్ళిపోయాక తల్లి ఒక్కతే గదిలో మిగులుతుంది. మాటలుండవు. బేస్ క్లారినెట్ ఒక్కటే కింది స్థాయిలో ఒక వరస వాయిస్తుంది. దాని చివరి స్వరం అందుకుని తల్లి పాట మొదలుపెడుతుంది, అప్పుడు వయొలిన్లు కలుస్తాయి. ఆమె ఏ శ్రుతిలో పాడాలో చెప్పేది ఆ వాద్యమే.

ఆ రోజు అత్తగారు వరస ఎత్తుకుంది. సగంలో స్వరం కాస్తా బుస్సుమని గాలైపోయింది. ఆవిడ మౌత్‌పీస్ నోట్లోంచి తీస్తే, కొత్తగా కట్టించుకున్న పళ్ళ సెట్టు దాన్ని కరిచిపట్టుకునే బయటికొచ్చింది. పైపళ్ళు దాని మీద గట్టిగా ఆనితేగానీ ఊదడం కుదరదు. కదిలే పళ్ళతో ఏం ఊదుతారు? పల్లంలో ఎవరూ నవ్వలేదు. ఆవిడ సెట్టుని రుమాల్లో చుట్టుకుని, వాద్యాన్ని ఒళ్ళోకి వాల్చుకుని, "ఇంక అయిఫోయింది" అంది. పళ్ళు లేక ఆ మాట అలా వినపడింది.

విరామంలో సంగీతం మేష్టారు నన్ను పక్కకి పిలిచారు. మంచాయన, మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టే చెబుతారు.

"అమ్మా, ఈసారి స్టేజీ ముందుకి జరిపారు, పల్లం ఇరుకైంది. పెద్దమ్మగారిని లేవమనే ధైర్యం నాకు లేదు కాబట్టి ఇన్నాళ్ళూ సర్దుకున్నాం. ఇప్పుడా మూలకి ఒక్క కుర్చీయే. శాక్సూ ఇదీ రెండూ వాయించే మనిషి బయట ఒకాయన ఉన్నారు. కబురు పెడతాను. ఏమనుకోకండి."

"కబురు పెట్టకండి మేష్టారూ. రెండూ నేనే వాయిస్తాను."

"మీకు అది వచ్చా?"

"నేర్చుకుంటాను."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "ఆఖరి రిహార్సల్ దాకా చూస్తాను. ఆ పైన నా చేతుల్లో లేదు" అన్నారు.

ఇంటికొచ్చి చెప్పగానే అత్తగారు ఒంటికాలి మీద లేచింది.

"నన్నడక్కుండా మాటెందుకిచ్చావు?"

"అడిగితే వద్దంటారని అడగలేదు అత్తయ్యా."

"ఆ శాక్స్ ఊదే నోటితో దీన్ని ముట్టుకుంటావా? అది వీధికంతా వినిపించే నోరు. ఇది చెవిలో చెప్పే వాద్యం. తెలుసా నీకు?"

"తెలీదు. చెప్పండి, తెలుసుకుంటాను."

ఆవిడ చెప్పలేదు. పెట్టె మూసి, స్టూలెక్కి అలమర మీద పెట్టేసింది. ఆ తర్వాత మాటలు తగ్గించేసింది. సెట్టు కదులుతుందని కొంత, నవ్వుతారని కొంత. అత్తగారి నోరు మూతపడితే బాగుణ్ణని ఏ కోడలైనా ఒక్కసారైనా అనుకుంటుంది. నేనూ అనుకున్నదాన్నే. తీరా మూతపడితే నాకు ఇల్లు ఇల్లులా అనిపించలేదు. పొద్దున్న పాలు పొంగిపోతున్నా ఆవిడ అరవలేదు. కుర్చీ పోతుందన్న భయం ఒక ఎత్తు, ఈ నిశ్శబ్దం ఒక ఎత్తు. ఆ వాద్యం మళ్ళీ ఇంట్లో పలికితేగానీ ఈ మనిషి పలకదని నాకు గట్టిగా తోచింది.

నాలుగు రోజులు చూసి, స్టూలెక్కి పెట్టె దించాను. ఆవిడ చూసింది, ఆపలేదు. ఒక్క షరతు పెట్టింది.

"ఆ కమ్మీకి ఎర్రదారం చుట్టి ఉందే, అక్కడిదాకానే బిగించు. దారం మాత్రం కదపకు. ఎత్తు మారితే నోరు మారుతుంది, నోరు మారితే పలుకు మారుతుంది."

ఆ ఎర్రదారం ఆవిడ ఎత్తు గుర్తు. కమ్మీని పైకి తోస్తే దారం అడ్డుపడ్డ చోట ఆగుతుంది, అక్కడ మర బిగిస్తే వాద్యం సరిగ్గా ఆవిడ నోటి దగ్గరికొస్తుంది. నేను ఆవిడ కంటే తలంత పొడుగు. మౌత్‌పీస్ నా గడ్డం కిందెక్కడో ఉంటుంది. నడుం వంచి, మెడ దించి, దాని దగ్గరికి నేనే పోవాలి. కదపనని మాటిచ్చాను కాబట్టి వంగాను.

మొదటి వారమంతా అది నన్ను ఆడుకుంది. శాక్స్‌కి నోరు వదులుగా పట్టి ఊపిరి ధారాళంగా పోయాలి. దీనికి అలా పోస్తే కుయ్యోమని అరుస్తుంది. రంధ్రం మూత మీద వేలు వెంట్రుకవాసి పక్కకి జరిగినా అంతే.

"పక్కింటాయన అడిగాడోయ్, మీ ఇంట్లోంచి ఓడ ఎప్పుడు బయల్దేరుతుందని" అన్నారు మా ఆయన. ఆయన నాటకశాలలో లైట్లు చూస్తారు. సంగీతం విషయంలో ఆయన చెవులు కళ్ళజోడు తగిలించుకోడానికే.

"మీరెక్కితే ఇప్పుడే బయల్దేరుతుందని చెప్పండి" అన్నాను.

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది. తర్వాత అత్తగారి గొంతు వినిపించింది. "అంత గాలెందుకు? పాలమీద మీగడ పక్కకి జరగాలి, పాలు ఒలక్కూడదు. అలా ఊదు."

ఆ షరతు తర్వాత ఆవిడ నోట వచ్చిన మొదటి పూర్తి మాట అది. మీగడ జరిగేలా ఊదాను. చెక్కగొట్టం లోపలెక్కడో గుర్రుమని, తర్వాత మెత్తగా పలికింది.

అప్పటినుంచి పాఠం వంటింట్లోంచి నడిచింది. ఎదురుగా మాత్రం వచ్చి కూర్చునేది కాదు. అసలు చిక్కు బొటనవేలి దగ్గర వచ్చింది. శాక్స్‌లో ఒక స్వరం పట్టి బొటనవేలి మీట నొక్కితే, అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. కింద స అయితే పైన స. ఇందులో కింద స పట్టి నొక్కితే పైన ప పలుకుతుంది.

"శాక్స్ అంటే కిందా పైనా ఒకేలా కట్టిన ఇల్లు" అంది అత్తగారు గోడవతల నుంచి. "కింద వంటిల్లుంటే పైనా వంటిల్లే. ఇది అలా కాదు. దీని మేడమీద గదులన్నీ నీ శాక్స్ గదులే, వేళ్ళన్నీ సరిపోతాయి. కిందే వేరే కాపురం. నీ వేళ్ళు పాత అలవాటున తలుపు తీస్తే ఇంకెవరి గదిలోనో ఉంటావు."

మా నాటకం వరసంతా ఆ కింది కాపురంలోనే ఉంది. పైగా కాగితం మీద రాత రెండు వాద్యాలకీ ఒకటే. కన్ను చూడగానే వేలు శాక్స్ దారి పడుతుంది. పట్టుకుని వెనక్కి లాగాలి. ఒక్కో స్వరం దగ్గర ఆగి, ఏ వేలో నోటితో చెప్పుకుని, అప్పుడు ఊదేదాన్ని. నత్తనడక. నడుం నొప్పి ఒకటి అదనం. అయినా పట్టు విడవలేదు. అన్నం ఉడుకుతుండగా చెమ్చా కాడ మీద కూడా వేళ్ళు వేసి చూసుకునేదాన్ని.

వానలు ముదిరాక అత్తగారు పళ్ళ సెట్టు సరిచేయించుకోడానికి మా ఆడపడుచు ఊరెళ్ళింది. వెళ్తూ, "తొందరపడకు. చేతకాకపోతే ఊరుకో, తప్పు మాత్రం అలవాటు చేసుకోకు" అని హెచ్చరించి మరీ వెళ్ళింది.

ఆవిడ లేని ఆ రోజుల్లోనే నాకు అదృష్టం తలుపు తట్టిందనుకున్నాను. ఒక సాయంత్రం బయట హోరున వాన. వరస ఎత్తుకున్నాను. వేళ్ళు వాటంతట అవే నడిచాయి. ఎక్కడా తడబాటు లేదు. మొదటినుంచి చివరిదాకా పాట పాటలా వచ్చింది, అత్తగారు వాయించినంత నిండుగా. ఇంకోసారి వాయించాను. మళ్ళీ వచ్చింది. మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "ఇది ఓడ కాదోయ్, మా అమ్మ వాయించేదే!" అన్నారు. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. రోజూ అలాగే వాయించి వాయించి గట్టిపరుచుకున్నాను.

రిహార్సల్‌కి వెళ్ళి అత్తగారి కుర్చీలో కూర్చున్నాను. మూడో అంకం వచ్చింది. దీపాలు తగ్గాయి. నేను మొదలుపెట్టాను. మేష్టారు కనుబొమ్మలు ఒకసారి పైకి లేపారు, ఆపలేదు. చివరి స్వరం నిలబెట్టి ఉంచాను. తల్లి వేషం ఆవిడ దాన్ని అందుకుని పాట ఎత్తుకుంది. రెండో మాటకే ఆమె గొంతు కిందికి దిగి దిగి, గాలి తప్ప ఏమీ మిగల్లేదు. అదే సమయానికి వయొలిన్లు తమ శ్రుతిలో తాము వచ్చాయి. నాటకశాలంతా రెండు పాటలు ఒకదాన్నొకటి తోసుకున్నట్టు గోలగా అయింది.

మేష్టారు చెయ్యెత్తారు. అందరూ ఆగారు.

"అమ్మాయ్, నన్ను బావిలో దింపి తాడు కోసేశావు కదే!" అంది తల్లి వేషం ఆవిడ గొంతు పట్టుకుని.

నాకేం అర్థం కాలేదు. "పాట తప్పలేదే మేష్టారూ?" అన్నాను.

"పాట తప్పలేదు. శ్రుతి తప్పింది. మొత్తం ఐదు మెట్లు కింద వాయించారు." ఆయన నా వేళ్ళు చూశారు, వెంటనే తెలిసిపోయింది ఆయనకి. "శాక్స్ వేళ్ళు వేశారమ్మా మీరు. మొదటినుంచి చివరిదాకా."

వేళ్ళు వాటంతట అవే నడిచాయని మురిసిపోయాను. నడిచాయి, పాత ఇంటికి. ప్రతి స్వరమూ తప్పే, తప్పులన్నీ ఒకే కొలతలో తప్పడంతో పాట పాటలానే ఉండిపోయింది. ఒంటరిగా వాయిస్తే ఆ తేడా పట్టుకునే చెవి నాకు లేకపోయింది. ఈసారి పల్లంలో అందరూ నవ్వారు. తల కొట్టేసినట్టయింది. మేష్టారు నవ్వలేదు.

"బయటాయన్ని ఆఖరి రిహార్సల్‌కి రమ్మంటాను. ఎందుకైనా మంచిది" అన్నారు మెల్లగా.

అత్తగారు తిరిగొచ్చేసరికే ఆ సంగతి ఆవిడ చెవిన పడింది. తిడుతుందని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ గొడుగు మూలన పెట్టి, చెప్పులు విప్పి, "ఏదీ, వాయించు" అంది. వాయించాను. శాక్స్ వేళ్ళతోనే వచ్చింది, అంత బాగా గట్టిపరుచుకున్నాను మరి. మధ్యలో ఆపేసి వాద్యం వాల్చేశాను.

"నా వల్ల కాదేమో అత్తయ్యా. తప్పే అలవాటైపోయింది."

"పాట వచ్చేసింది నీకు. ఇల్లే మారాలి."

"ఎలా? ఒంటరిగా వాయిస్తే నాకు తేడా తెలియడం లేదు."

"ఒంటరిగా ఎవరు వాయించమన్నారు?"

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, సరిచేయించినా నమలడానికే తప్ప ఊదడానికి ఆగని ఆ పళ్ళ సెట్టు తీసి నీళ్ళగ్లాసులో వేసి, కుర్చీ లాక్కుని మొట్టమొదటిసారి నా ఎదురుగా కూర్చుంది. బుగ్గలు లోపలికిపోయిన ఆ మొహాన్ని ఎవరి ముందూ పెట్టేది కాదు. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"నన్నేం చూస్తావు? వేళ్ళు చూసుకో" అంది. "నేను పాడతా, నువ్వు ఊదు. నా గొంతు నీకు విడిగా వినపడిందంటే నువ్వు తప్పు ఇంట్లో ఉన్నట్టు. నేను వినపడ్డం మానేస్తే ఇంటికొచ్చినట్టు."

పెదాలు మూసి ముక్కుతో ఆ వరస ఎత్తుకుంది. నేను ఊదాను. మేమిద్దరం రైలుపట్టాల్లా పక్కపక్కనే పోయాం, ఎక్కడా కలవకుండా. ఆవిడ ఆగలేదు. మళ్ళీ మొదటికొచ్చింది. వేలు తీసి వేరే మూత మీద వేశాను. ఒక్క స్వరం దగ్గర ఆవిడ గొంతు మాయమైంది. ఉలిక్కిపడి చూస్తే ఎదురుగానే ఉంది, పాడుతూనే ఉంది. నా స్వరంలో కలిసిపోయి నాకు వినపడలేదంతే. తర్వాతి స్వరానికి మళ్ళీ బయటపడింది.

అత్తగారి గొంతు వినపడకూడదని అంత పట్టుదలగా ఏ కోడలూ కష్టపడి ఉండదు. ఆ మాట పైకే అన్నాను. ఆవిడ బోసినోటితో నవ్వింది. ఆ వానాకాలంలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

మర్నాడు, వేళ్ళు దారికొచ్చేదాకా ముట్టుకోకూడదని, శాక్స్ పెట్టె మూసి అలమర మీద, ఒంటికాలు పెట్టె ఉండే చోట, పెట్టేశాను. పొద్దున్న ఆవిడ పాడేది, నేను ఊదేదాన్ని. మధ్యాహ్నం నిద్రపోయి లేచాక మళ్ళీ మొదలు. ముందు ఒక్క స్వరం కలిసింది, తర్వాత మొదటి చరణం కలిసింది. చెమ్మకి మౌత్‌పీస్‌కి బిగించే రెల్లు బద్ద, రీడ్, ఉబ్బితే ఆవిడ వేలిగోటితో గీరి సరిచేసి ఇచ్చేది. నడుం పట్టేస్తే మా ఆయన వేడినీళ్ళ సంచీ తెచ్చి వీపుకి పెట్టి, "అమ్మా, నీ కోడల్ని ఇంకా వంచితే లైటు కింద నీడ గూనిది పడుతుందే" అన్నారు. అత్తగారు నా వీపు వంక చూసింది.

ఆఖరి రిహార్సల్ ముందురోజు వరసంతా వాయించి ఆగాను. "మీరెందుకు మధ్యలో పాడ్డం మానేశారు?" అని అడిగాను.

"చివరిదాకా పాడాను" అంది ఆవిడ.

ఆఖరి రిహార్సల్ పొద్దున్న జరిగింది. పల్లం అంచున బయటాయన రెండు పెట్టెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు, పెద్దమనిషిలా నాకు నమస్కారం కూడా పెట్టారు. వెనక వరసల్లో చీకటి. అత్తగారు రానంది, చినుకుల్లో కాలు జారుతుందట. నేను పెట్టె తెరిచి, గొట్టాలు బిగించి, కమ్మీని దారం అడ్డుపడేదాకా తోసి మర తిప్పాను. అలవాటు కొద్దీ నడుం వంచాను. మౌత్‌పీస్ వచ్చి నా ముక్కుకి తగిలింది.

కమ్మీ వంక చూశాను. ఎర్రదారం బెత్తెడు పైకి జరిగి ఉంది, కొత్తగా బిగువుగా చుట్టి ఉంది. ఇదివరకు దారం ఉన్న చోట ఇనుము గాలి తగలక ఉంగరంలా తెల్లగా మెరుస్తోంది. మిగతా కమ్మీ అంతా ఏళ్ళ తరబడి చేతులు తగిలి నల్లబడి ఉంది.

నడుం నిటారుగా పెట్టి కూర్చున్నాను. అది నా నోటి దగ్గరికి తనంతట తనే వచ్చింది.

దీపాలు తగ్గాయి. మేష్టారు నా వైపు చూసి తలూపారు. వేళ్ళు పాత దారి పట్టబోయాయి, నాకు తెలిసింది, ఊదకముందే వెనక్కి లాగాను. మీగడ జరిగేటంత గాలి వదిలాను. వాయిస్తున్నంతసేపూ అత్తగారి గొంతు కోసం వింటూనే ఉన్నాను. ఎక్కడా వినపడలేదు. చివరి స్వరం నిలబెట్టాను. తల్లి వేషం ఆవిడ దాన్ని అందుకుంది, ఆమె గొంతు నిండుగా పైకి లేచింది, వయొలిన్లు వచ్చి ఆ గొంతు కిందికి చేరాయి. మేష్టారు కాగితం తిప్పారు. అంతే. బయటాయన కాసేపు విని, పెట్టెలు రెండూ చేతపట్టుకుని చప్పుడు చెయ్యకుండా లేచారు.

అంకం అయ్యాక దీపాలు వెలిగించారు. ఆఖరి వరసలో, తలుపు పక్కన, తడిసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని అత్తగారు కూర్చుని ఉంది. పళ్ళ సెట్టు లేదు. పెదాలు ఇంకా మూసి, పాడుతున్నట్టే ఉన్నాయి.

నేను పల్లంలోంచి ఎక్కి వెళ్ళి పక్కన కూర్చున్నాను. కుర్చీ దక్కింది. ఎగిరి గంతెయ్యాలి నిజానికి. నా నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"దారం జరిపేశారేం అత్తయ్యా? ఇంక అది మీకు అందదు."

ఆవిడ గొడుగు విదిలించింది. నీళ్ళు నా చీర మీద పడ్డాయి.

"అందకపోతే ఏం? వినపడుతోందిగా" అంది. "మూడో చోట ఊపిరి ఆలస్యంగా తీసుకున్నావు. పద, ఇంటికెళ్ళి మళ్ళీ వాయిద్దువుగాని."